ఇంటి యజమాని ఇవ్వాల్సిన కాగితం

పూరీ గేట్, ఖరగ్‌పూర్
10 జూన్ 2025

తమ్ముడు వెంకటరావుకి,

మీ అప్ప పోలమ్మ రాస్తున్నది. ఒంట్లో బాగానే ఉంది, మోకాళ్ళ సంగతి వదిలేయ్. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. వర్క్‌షాపులో ముప్ఫై నాలుగేళ్ళు రివెట్ల మోతలో నిలబడి చెవులు అక్కడే వదిలేసి సోంపేట చేరావు. మెసేజీ పెడదామంటే నీ ఫోన్ ఎవరెవరి చేతుల్లో ఉంటుందో తెలియదు. అందుకని మన రైల్వే తెలుగు బడిలో నేర్చిన అక్షరాలే దిక్కయ్యాయి.

మొన్న ఆదివారం పొద్దున్న నీ కోడలు రాధారాణి నా గుమ్మంలోకి వచ్చింది. ఎడమ మణికట్టు వాచిపోయి ఉంది. వెనకాల నవ్య, ఒక కాలికే చెప్పు. ఆరేళ్ళ పిల్ల, ఏడవడం కూడా మానేసి నన్ను చూస్తోంది. నీ కొడుకు ప్రేమ్‌కుమార్ ఆ చెయ్యి మెలితిప్పాడు. ఎందుకంటావా? ప్రభుత్వం ఆడవాళ్ళకి నెలనెలా బ్యాంకులో వేసే భత్యం ఉంది కదా, ఈ పిల్ల బ్యాంకుకి వెళ్ళి ఆ ఖాతా పిన్ మార్చుకుంది. తన పేరున పడ్డదాన్ని తను తీసుకోవాలనుకోవడం నీ కొడుకు లెక్కలో నేరం.

ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. ఎముక చిట్లింది. డాక్టరు అడిగితే ఈ పిల్ల "జారి పడినాను" అంది. నేను ఇరవై తొమ్మిదేళ్ళు ఆయాగా చేశాను తమ్ముడూ, బాత్రూముల్లో జారి పడ్డ ఆడవాళ్ళని ఎంతమందిని చూశానో చెప్పలేను. ఖరగ్‌పూర్‌లో ఉన్నంత నున్నటి బాత్రూములు ప్రపంచంలో ఇంకెక్కడా ఉండవు కాబోలు. ఈసారి నేను ఊరుకోలేదు. "డాక్టర్‌బాబూ, పొడే జాయ్‌ని, మేరేఛే. పడలేదు, కొట్టినాడు. అలగే రాయండి" అన్నాను. ఆయన నా మొహం చూసి అలాగే రాశాడు.

పెద్దల్లో పెడదామని మాత్రం జవాబు రాయకు. మూడుసార్లు పెట్టాం. మూడుసార్లూ వాడు పెద్దల కాళ్ళు పట్టుకున్నాడు, మేమంతా టీ తాగి లేచాం, ఆ పిల్లని వాడి వెంట పంపాం. పంపిన పెద్దల్లో నేనూ ఉన్నాను. నాలుగోసారి ఉండను.

ఇప్పుడు నీతో పని పడింది. మేదినీపూర్‌లో ప్రొటెక్షన్ ఆఫీసరు అని ఒకావిడ ఉంది. ఇళ్ళల్లో దెబ్బలు తినే ఆడవాళ్ళ సంగతి రాసుకుని కోర్టుకి పంపడం ఆవిడ ఉద్యోగం. ఆవిడ చెప్పింది: ఈ పిల్లకి విడిగా రేషన్ కార్డు ఇప్పించవచ్చు, ఆరోగ్య కార్డు ఇప్పించవచ్చు, కాపురమున్న ఇంట్లోనే ఉండేలా కోర్టు ఆర్డరు తేవచ్చు. కానీ అన్నిచోట్లా ఒకటే అడుగుతారు, ఇంటి యజమాని ఎవరో ఆయన రాసిచ్చిన కాగితం. వాడుండే ఇల్లు నువ్వు రిటైరైన డబ్బుతో కట్టింది. యజమానివి నువ్వు. వెంటనే రాసి పంపు.

తల్లీపిల్లా ప్రస్తుతం నాతో ఆసుపత్రిలో పనిచేసిన దోర్కా ఇంట్లో ఉన్నారు, హిజ్లీ వైపు. ఈ ముక్క నీకు తప్ప పురుగుకి కూడా చెప్పలేదు.

మీ అప్ప
పోలమ్మ


సోంపేట
19 జూన్ 2025

అప్పకి వెంకటరావు నమస్కారాలతో,

నీ ఉత్తరం ఎనిమిదో రోజున అందింది. కవరు మీద స్పీడు పోస్టని ఉంది, వచ్చింది మాత్రం గూడ్సు బండి లెక్కన. ఇక్కడ జీడిమామిడి గింజలకి రేటు లేదు. కూతురు ప్రశాంతి, అల్లుడు బాగున్నారు. చెవి మిషను పెట్టుకుంటే గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు, తీసి పెట్టెలో పడేశాను.

అప్పా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు అడిగేదేమిటో నాకు అర్థమైంది. నా ఇల్లు కోడలి పేరున రాసి ఇమ్మంటున్నావు. ఎండలో, పొగలో ఒళ్ళు కాల్చుకుని కట్టుకున్న రెండు గదులవి. భార్యాభర్తలు గొడవపడితే మామగారి ఇల్లు పోవాలా? ఇది నీ బుద్ధికి పుట్టిన మాట కాదు, ఆ ఆఫీసరమ్మ ఎక్కించిన మాట.

ప్రేమ్‌కుమార్ మెసేజి పెట్టాడు. రాధారాణి పేరు రేషన్ కార్డులోంచి తీస్తే కార్డు మొత్తం రద్దవుతుందట, నవ్యకి కూడా కోటా పోతుందట. నువ్వు మేలు చేస్తున్నాననుకుంటూ పసిపిల్ల నోటి దగ్గర బియ్యం తీస్తున్నావు. వాడు కాంట్రాక్టు మనిషి. వ్యాగన్ల కింద దూరి వెల్డింగు చేసి ఇంటికొస్తాడు. నాలాగ పర్మనెంటు కాదు, రేపు పని ఉంటుందో లేదో తెలియదు. చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంటాడు, ఆ పిల్ల గుంజుకుని ఉంటుంది. దానికి డాక్టరు చేత రాయించి, మేదినీపూర్ దాకా ఎక్కించాలా? పూరీ గేట్‌లో మన కుటుంబం తలెత్తుకు తిరగాలా వద్దా?

నాకు మాత్రం కోపం లేదా? ఉండేది. నా ఇల్లాలు పరమేశ్వరికి నా కోపం తెలుసు. ఒక్కనాడైనా గడప దాటిందా? సర్దుకుంది, పిల్లల్ని పెంచింది, గౌరవంగా పోయింది. ఈ కాలం పిల్లలకి ఆ ఓర్పు లేదు.

కాగితం రాయను. తప్పుగా అనుకోకు.

తమ్ముడు
వెంకటరావు


పూరీ గేట్
1 జూలై 2025

వెంకటరావుకి,

ఈసారి యోగక్షేమాలు లేవు.

రథయాత్ర మర్నాడు, శనివారం మధ్యాహ్నం, నీ కొడుకు దోర్కా ఇంటికి వచ్చాడు. టోటో, అదే బ్యాటరీ ఆటో, దిగి నేరుగా ఆ సందులోకే వచ్చాడు, దారి కూడా ఎవర్నీ అడగలేదట. తలుపు తన్నాడు. "నా పెళ్ళాన్ని దాసినారా? బయిటికి తియ్యండి" అని వీధంతా వినేలా అరిచాడు. దోర్కా గంజి వారుస్తోంది, ఆ గిన్నె పట్టుకునే గుమ్మంలో నిలబడింది. "లోపలికి ఒక్క అడుగేసినావంటే నెత్తిన పోసేస్తాను, ఏటనుకున్నావో!" అంది. చుట్టుపక్కల బెంగాలీ వాళ్ళు పోగయ్యారు. వాళ్ళని చూసి వెనక్కి తగ్గాడు. వెళ్తూ కిటికీలోంచి "ఎక్కడున్నా పట్టుకుంతాను" అన్నాడు.

నవ్య మంచం కింద దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు. బట్టలు తడిపేసుకుంది. తడి బట్టలతోనే అక్కడ పడుకుంది. నీ మనవరాలు, వెంకటరావూ.

ఆ చోటు నీకు తప్ప ఎవరికీ చెప్పలేదని రాశాను. పురుగుకి కూడా చెప్పలేదని రాశాను. నువ్వు చెప్పావు. కొడుకు ఏడుపు మొహం బొమ్మ ఒకటి పంపగానే కరిగిపోయి చెప్పావు. నీ ఇంటి పరువు గురించి ఎంత రాశావు! నీ పరువు ఆ రోజు దోర్కా తలుపు తన్నుతూ నిలబడింది, వెళ్ళి చూసుకోవాల్సింది.

ఇప్పుడిప్పుడే రాధారాణి కుదుటపడుతోందనుకున్నాను. వాడు రావడానికి ముందురోజు నేనే దగ్గరుండి హిజ్లీ వైపు దుకాణంలో ఆమె చేత వేలిముద్ర వేయించి నెల కోటా తెప్పించాను. ఒక్క నెల తీయకపోతే పేరు కొట్టేస్తారని నాకు ఎప్పటి నుంచో భయం. మా ఆయన పోయిన రోజున కూడా పక్కింటావిణ్ణి పంపి కోటా తెప్పించినదాన్ని. బియ్యం చూసి రాధారాణి మొదటిసారి నవ్వింది. "అత్తా, దోర్కా అత్తకి బరువు కాకుండ తింతాం" అంది. మర్నాటికి ఆ నవ్వూ లేదు, ఆ చోటూ లేదు. ఆ ఎత్తిన చెయ్యి నీ కొడుకుది, చోటు చూపించిన వేలు నీది.

వాళ్ళని వేరేచోటికి మార్చాం. ఎక్కడో నీకు చెప్పను.

పోలమ్మ


సోంపేట
9 జూలై 2025

అప్పకి,

నేను చెప్పలేదు. మన అమ్మ మీద ఒట్టేసి రాస్తున్నాను. నీ మొదటి ఉత్తరం చదివి పెట్టెలో అడుగున పెట్టాను, ప్రశాంతికి కూడా చూపించలేదు. అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి నాకు. నువ్వు నన్ను చిన్నప్పుడు కొట్టావు, తిట్టావు, ఎప్పుడూ ఇంత మాట అనలేదు. రెండు రోజులు అన్నం సహించలేదు.

చోటు వాడికి ఎలా తెలిసిందో వాడే నాకు రాశాడు. ఫోన్‌లోంచి చూసి అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ ఎక్కిస్తున్నాను. "నాన్నా, అది హిజ్లీలో కోటా తీసినాది. నా ఫోన్‌కి మెసేజొచ్చింది, దుకాణం నంబరుతో సహా. ఆ దుకాణం పక్క సందులోనే దోర్కా ఇల్లు. ఎక్కడికి పోద్ది?" ఇదీ వాడు రాసింది. చివర పళ్ళు బయటపెట్టి నవ్వే పసుపు మొహాలు మూడు పెట్టాడు.

కార్డుకి ఇచ్చిన ఫోన్ నంబరు వాడిదే కదా. ఎవరు ఎక్కడ వేలిముద్ర వేసినా వాడికి కబురు వెళ్తుంది. ఇందులో నా వేలు లేదప్పా.

అయినా ఒక మాట రాయకుండా ఉండలేను. ఆ పసుపు మొహాలు నాకు నచ్చలేదు. పెళ్ళాం కనపడక దిగులుపడే మగాడు అలాంటి బొమ్మలు పెట్టడు. పోయిన మేకని కనుక్కున్నవాడిలా ఉంది ఆ రాత. చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను.

ఇల్లు రాసివ్వమన్న మాట మాత్రం నాకింకా మింగుడుపడలేదు. నవ్య ఎలా ఉందో ఒక్క ముక్క రాయి.

వెంకటరావు


పూరీ గేట్
20 జూలై 2025

తమ్ముడూ,

తప్పు నాది. నిన్ను అనరాని మాట అన్నాను. ఇంతకంటే అందంగా క్షమాపణ అడగడం నాకు రాదు.

ఆ పిల్లని వద్దంటున్నా లాక్కెళ్ళింది నేను. "అత్తా, ఈ నెలకి ఒద్దులే, దోర్కా అత్త పెడతంది కదా" అని ఎన్నిసార్లు అందో! కోటా వదలకూడదన్న నా పిచ్చి నా చేతే ఆమె అడ్రసు మొగుడికి అందించింది.

నీ ఉత్తరం అందిన మర్నాడే రేషన్ ఆఫీసుకి వెళ్ళాను, ఆ నంబరు తీసి రాధారాణి నంబరు పెట్టమని. ఆ కంప్యూటరు బాబు ఏమన్నాడో విను. "మాసీ, పాత నంబరుకి ఓటీపీ వెళ్తుంది, ఆయన్ని అడిగి చెప్పండి, రెండు నిమిషాల పని" అన్నాడు. ఎవర్ని అడగాలి? ఎవడి నుంచి పారిపోయి వచ్చిందో వాడికి ఫోన్ చేసి, అయ్యా, నీకు కనపడకుండా ఉండటానికి ఒక నంబరు వచ్చింది, కాస్త చదువు అనాలా? ఆ మాటే అన్నాను, గట్టిగా, బెంగాలీలో, లైనులో ఉన్న నలభై మంది వినేలా. ఆడవాళ్ళు కొందరు తలలు దించుకున్నారు. ఎందుకు దించుకున్నారో నాకు తెలుసు, నీకు తెలియకపోతే అడుగు.

అన్నం పెట్టే కార్డు, మందులిచ్చే కార్డు, చేతిలో నాలుగు రూపాయలు పెట్టే ఖాతా, అన్నీ ఆడదాని పేరునే ఇస్తారు. ఫోన్ నంబరు దగ్గరికొచ్చేసరికి ఇంట్లో ఎవడికి ఫోనుంటే వాడిది. ఆరోగ్య కార్డు మీద ఫోటో రాధారాణిది, అది ఉన్న బీరువా తాళం నీ కొడుకు మొలతాడుకి. ఇవన్నీ పెట్టినవాళ్ళు ఇంట్లో ఆడా మగా ఒకే కంచంలో తింటారనుకుని పెట్టారు. ఆ కంచం విసిరేసే ఇళ్ళున్నాయని ఎవరికీ తోచలేదా? మనింటికొచ్చి చూస్తే తోచేది.

చివరికి ప్రొటెక్షన్ ఆఫీసరమ్మ తన లెటర్‌హెడ్ మీద నాలుగు ముక్కలు రాసి ఆ ఆఫీసు పెద్దాయనకి పంపింది. మర్నాడే ఓటీపీ లేకుండానే నంబరు మార్చారు. అంటే దారి ముందు నుంచీ ఉంది. అడిగి, అరిచి, ఏడిస్తే తప్ప ఉందని ఎవరూ చెప్పరు. నీ కొడుకు చెప్పినట్టు కార్డు రద్దవుతుందన్నది కూడా అబద్ధం. తల్లికీ పిల్లకీ విడిగా ఇస్తారు, వాడి పేరు వాడికి ఉంటుంది.

ఇక కాగితం. ఇల్లు రాసిమ్మని నేనెప్పుడన్నాను? నా మొదటి ఉత్తరం తీసి చూడు. తొందరలో అరకొరగా రాశానేమో గాని, అమ్మకం మాట, దానపత్రం మాట అందులో లేవు. ఇల్లు నీదే. నువ్వు రాయాల్సింది ఇంతే: ఈ ఇల్లు నాది, రాధారాణి నా కోడలు, ఏడేళ్ళుగా ఇందులో కాపురముంది, ఇకముందు కూడా ఉండటానికి నాకు అభ్యంతరం లేదు. కింద సంతకం. ఇది లేక విడి కార్డు ఆగింది, కోర్టుకి వెళ్ళే ఫైలూ ఆగింది. ఆగస్టు ఆఖరు దాటితే ఇప్పుడు ఆమెని ఉంచిన ఆడవాళ్ళ ఆశ్రమంలో గడువైపోతుంది. ఆ తర్వాత ఆమెకి మిగిలేది నీ కొడుకు గుమ్మం ఒక్కటే, అందులోకి ఏ హక్కూ లేకుండా వెళ్ళాలి. నాలుగోసారి.

ఇంకొకటి. రాయకూడదనే అనుకున్నాను ఇన్నేళ్ళూ. పరమేశ్వరి గడప దాటలేదని రాశావు. దాటింది. 1998 వానల్లో నేను డ్యూటీలో ఉండగా ఆసుపత్రికి వచ్చింది, కింది పెదవి చీలిపోయి. "ఒదినా, నాను మరి ఆ ఇంటికి ఎల్లలేను" అంది. కుట్లు వేయించాను. జారి పడ్డానని చెప్పమన్నాను. ఆ మాట నేర్పింది నేనే. రిక్షా ఎక్కించి, రిక్షావాడికి నీ క్వార్టరు నంబరు చెప్పాను. ఆమె వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ చూపు నేను ఎక్కడా పెట్టలేకపోయాను తమ్ముడూ.

ఓర్పు అని నువ్వు రాసిందాని సంగతి ఇది. నవ్య మంచం కిందకి దూరడం మానలేదు. అన్నం మాత్రం తింటోంది.

అప్ప
పోలమ్మ


సోంపేట
4 ఆగస్టు 2025

అప్పకి,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు రాయడానికి కూర్చోవడం, లేవడం. ఇక్కడ ఒకటే వాన.

పరమేశ్వరి నీ దగ్గరికి వచ్చిందని నాకు తెలియదు. పంపుకి కొట్టుకుంటే పెదవి చీలిందని నాతో అంది. కొట్టింది నేను, పంపుకి తగిలిందని నాకే చెప్పింది, నేను సరేనన్నాను. నమ్మినట్టు నటించడం కూడా కాదు, నిజంగానే పంపు అని గుర్తు పెట్టుకున్నాను. ఇరవై ఏడేళ్ళు.

ప్రశాంతిని కూర్చోబెట్టి అడిగాను, మీ అమ్మని నేను కొట్టేవాణ్ణి, నీకు గుర్తుందా అని. అది నా కళ్ళముందు కాగితం మీద రాసింది, నాకు వినపడదని కాబోలు, నోటితో అనలేక కాబోలు. "నేను మంచం కిందకి దూరిపోయేదాన్ని. అన్నయ్య దూరేవాడు కాదు. నిలబడి చూసేవాడు." ఆ కాగితం చదివాక నాకు ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. మొదటిసారి నా మీదే కోప్పడ్డాను.

నువ్వు అడిగిన నాలుగు ముక్కలు రాసి మూడు కాపీలు చేశాను. ఆధార్ కాపీ, ఇంటి పన్ను రసీదు జత చేశాను. నువ్వు అడగని ముక్క ఒకటి నా అంతట నేను కలిపాను. వీళ్ళిద్దరిలో ఎవరైనా ఈ ఇల్లు విడిచి పోవాల్సి వస్తే పోవాల్సింది నా కొడుకు, కోడలు కాదు, ఇది యజమానిగా నా మాట అని. అది చెల్లుతుందో లేదో ఆ ఆఫీసరమ్మని అడుగు. చెల్లకపోయినా ఉండనీ.

వాడికి కూడా ఇదే మెసేజి పెట్టాను. వాడు నన్ను బ్లాకు చేశాడు.

వెంకటరావు


పూరీ గేట్
16 అక్టోబరు 2025

తమ్ముడు వెంకటరావుకి,

ఇంత ఆలస్యమెందుకయిందంటే, అయినాక రాద్దామని. పూజ సెలవులకి ముందే కోర్టు మధ్యంతర ఆర్డరు ఇచ్చింది. తల్లీపిల్లా ఆ ఇంట్లో ఉండాలి, నీ కొడుకు ఖాళీ చేయాలి, ఆ వీధిలోకి రాకూడదు. ఆశ్రమంవాళ్ళు ఆర్డరు వచ్చేదాకా గడువు పొడిగించారు, దానికీ ఆఫీసరమ్మే రాసింది. నీ కాగితం కోర్టులో చదివారు. నువ్వు కలిపిన ముక్క చెల్లదట, యజమాని మాట మీద కాదు, చట్టం మీద ఇస్తారట. కానీ జడ్జీగారు దాన్ని కూడా చదివించారు. నీ కొడుకు "మా నాన్న ఇలగ రాయడు" అన్నాడు. ఆఫీసరమ్మ ఆ సంతకం వాడి చేతికిచ్చింది. చూసి కూర్చున్నాడు.

విడి రేషన్ కార్డు వచ్చింది, ఇంటిపెద్దగా రాధారాణి పేరు. ఆరోగ్య కార్డు కూడా వేరే ఇచ్చారు. చెయ్యి నయమైంది, బరువెత్తితే నొప్పి ఉంటుంది. హిజ్లీలో ఒక హాస్టల్ మెస్‌లో చపాతీల పని దొరికింది, దోర్కా మాట్లాడి పెట్టించింది.

మన పెద్దలు ఊరుకుంటారా! ఆర్డరు సంగతి తెలిసి నలుగురు నా ఇంటికి వచ్చారు, ఆ పూట రాధారాణి కూడా ఉంది. "మగపిల్లోడు ఈదిలో పడితే బాగుంతాదా? ఆ పిల్లే మళ్ళీ ఎక్కడన్నా గది సూసుకుంటే పోద్ది కదా, ఆశ్రమం అలవాటే కదా" అన్నారు. నేను నోరు తెరిచేలోపు రాధారాణి లేచింది. ఆ పిల్ల పెద్దల ముందు మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. "మూడుసార్లు నానే బయిటికి పోనాను. మూడుసార్లూ మీరే నన్ను మళ్ళీ లోపలికి తోసినారు. ఈపాలి ఆడ్ని పొమ్మనండి" అంది. ఎవరికీ టీ ఇవ్వలేదు. నలుగురూ లేచిపోయారు.

మొన్న మంగళవారం పదకొండు గంటలకి పోలీసుదీదీ ఒకావిడ వచ్చి నిలబడితే వాడు సామాను తీశాడు. రెండు సంచులు, ఒక బొంత. వీధిలో అందరూ గుమ్మాల్లోకి వచ్చి చూశారు. నవ్య నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడి చూసింది, దూరలేదు. వాడు గేటు దాటి, సంచులు రోడ్డు మీద పెట్టి, నా వైపు తిరిగాడు. మొహంలో కోపం కూడా లేదు, నిజంగానే తెలియక అడిగాడు.

"అత్తా, నానిప్పుడు ఎక్కడికి ఎల్లాలి?"

మేనల్లుడు, నేనెత్తుకు తిరిగిన పిల్లాడు. అయినా గేటు గడియ పెట్టాను. డెబ్భై ఏళ్ళుగా ఈ పేటలో ఆ ప్రశ్న వింటూనే ఉన్నాను. పరమేశ్వరి అడిగింది, రాధారాణి మూడుసార్లు అడిగింది, ఇంకా ఎందరో సంచులు పట్టుకుని వచ్చి నా గుమ్మంలో అడిగారు. ఒక మగాడి నోటి నుంచి వినడం ఇదే మొదలు.

మీ అప్ప
పోలమ్మ